చేత్తో చీరకు ఫాల్ కుట్టుకున్నాను: సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నా అనుభవం

2025లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న వచ్చింది. ఆ రోజు కట్టుకోవాలని తీసుకున్న మంగళగిరి నూలుచీరను జూలై 12, శనివారం సాయంత్రం ఫాల్, జిగ్‌జాగ్ కుట్టే చోటికి పట్టుకెళ్ళాను. ఫాల్ అంటే చీర కింది అంచుకు లోపలివైపు కుట్టే గుడ్డ పట్టీ, జిగ్‌జాగ్ అంటే చీర కొసల పోగులు ఊడకుండా మెషిన్ మీద వేసే కుట్టు. 120 రూపాయలన్నారు, ఆగస్టు 11న వచ్చి తీసుకెళ్ళమన్నారు. శ్రావణం ముందు విజయవాడలో ఇంకో రెండు చోట్ల అడిగినా అదే మాట. చీర వెనక్కి తెచ్చుకుని, చేత్తోనే కుట్టుకుందామని అప్పుడే అనుకున్నాను. అప్పటికి నాకు చొక్కాకు గుండీ కుట్టడం కూడా రాదు.

ఆగస్టు 5న పూర్తయింది. ఇరవై నాలుగు రోజులు. అందులో చీర మీద సూది నడిచింది ఆరున్నర గంటలే. మిగతా కాలమంతా దారం ఎక్కించడం, ముడి వేయడం, పాత లుంగీ గుడ్డ మీద కుట్లు నేర్చుకోవడం, తడిపిన ఫాల్ ఆరేదాకా ఆగడం. నాలా ఏమీ రాకుండా మొదలుపెట్టేవాళ్ళకు ఎక్కడెక్కడ ఇబ్బంది పడతారో తెలియాలని వరసగా రాస్తున్నాను. దగ్గరుండి నేర్పింది మా ఎదురింటి పిన్నిగారు. ఆవిడ ముప్పై ఏళ్ళు ఇంట్లోనే ఫాల్స్ కుట్టారు, ఇప్పుడు చూపు ఆనక మానేశారు.

జూలై 12నే దారం, ఫాల్ కొనడానికి మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్ళాను. చీర వెంట తీసుకెళ్ళడం మంచిదైంది. ఫాల్స్‌లో నూలువి, పాలియెస్టర్‌వి రెండు రకాలూ ఉంటాయి. నూలుచీరకు నూలు ఫాలే తీసుకోవాలి. చీర ఉతికినకొద్దీ కొంచెం కొంచెం దగ్గరపడుతుంది, పాలియెస్టర్ పడదు. అప్పుడు చీర పొట్టిదై, ఫాల్ పొడుగుగా మిగిలి, కింద సంచిలా ఉబ్బుతుంది. నాకు ముదురాకుపచ్చ నూలు ఫాల్ 35 రూపాయలకు దొరికింది.

దారం రంగు దగ్గర తెలియని సంగతి ఒకటి తెలిసింది. దారం ఫాల్ రంగుకు కలవక్కర్లేదు, చీర రంగుకు కలవాలి. కుట్టు చీర మంచివైపు చిన్న చుక్కలా కనపడుతుంది, ఆ చుక్క చీరలో కలిసిపోవాలి. పైగా రీలు మీద చుట్టి ఉన్నప్పుడు ముదురుగా కనపడే దారం, ఒంటి పోగుగా గుడ్డ మీద పడితే లేతగా తేలుతుంది. అందుకని సరిగ్గా కలిసేది దొరక్కపోతే ఒక షేడు ముదురే తీసుకోవాలి, లేతది వద్దు. ఒక జానెడు దారం విప్పి చీర మీద పరిచి, దుకాణం బయట పగటి వెలుతురులో చూడాలి. నేను సాయంత్రం ట్యూబులైటు కింద ఎంచిన చిలకపచ్చ మర్నాడు పొద్దున చూస్తే పసుపు కొట్టింది. మళ్ళీ వెళ్ళి మార్చుకున్నాను. చివరికి మూడు రీళ్ళయ్యాయి: చీర ఒంటికి చిలకపచ్చ, జరీ అంచుకు పాత బంగారు రంగు, కచ్చా కుట్టుకు (తర్వాత తీసేసే తాత్కాలిక కుట్టు) తెలుపు. ఒక్కోటి 10 రూపాయలు.

సూదులు మాత్రం ఆ సాయంత్రం దొరకలేదు. దీపాలు పెట్టాక సూది అమ్మం అన్నారు. ఈ పట్టింపు ఇంకా ఉంది, కాబట్టి సూదులు పగలే కొనుక్కోండి. ఆదివారం పొద్దున దారం మార్చుకోవడానికి వెళ్ళినప్పుడే రకరకాల సైజులున్న ప్యాకెట్టు 15 రూపాయలకు తీసుకున్నాను. సూది నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 7 లావు, 9 సన్నం, 10 ఇంకా సన్నం. నూలుచీర ఫాల్‌కు 9 సరిపోతుంది. నేర్చుకోవడానికి మాత్రం 7వ నంబరు ఎంబ్రాయిడరీ సూది తీసుకోమన్నారు పిన్నిగారు. దాని బెజ్జం గుండ్రంగా కాకుండా నిలువుగా, పొడుగ్గా ఉంటుంది. మొదటి వారం ఆ సూది లేకపోతే నేను మానేసేదాన్నేమో.

జూలై 13 మధ్యాహ్నం మొదటిసారి దారం ఎక్కించడానికి పదకొండు నిమిషాలు పట్టింది. వేళ్ళు వణికాయి, కళ్ళు మంటలెక్కాయి, దారం కొస నాలుగు పాయలైంది. నేను చేస్తున్న తప్పులు మూడు. దారాన్ని పళ్ళతో తెంపుతున్నాను, దాంతో కొస కుంచెలా విచ్చుకుంటోంది. దారాన్ని దూరంగా పట్టుకుని బెజ్జం వైపు పొడుస్తున్నాను. నోట్లో పెట్టి బాగా తడుపుతున్నాను, నూలు నీరు పీల్చి ఉబ్బుతోంది. పిన్నిగారు చూసి ముందు నోటి దగ్గరకు వెళ్ళిన చేతిని పట్టుకున్నారు. "వ్రతానికి కట్టుకునే చీరమ్మా, ఎంగిలి చేస్తావా? నీళ్ళు పెట్టుకో పక్కన."

ఆవిడ పద్ధతి ఇది. పదునైన చిన్న కత్తెరతో కొసను ఏటవాలుగా ఒక్క వేటుతో కత్తిరించాలి. మొండి కత్తెరైతే పోగును నలిపేస్తుంది. తర్వాత దారాన్ని ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, కొస బియ్యపుగింజలో సగమంత మాత్రమే బయటికి కనపడేలా లోపలికి లాక్కోవాలి. ఆ వేళ్ళను అలాగే బిగించి ఉంచి, కుడిచేత్తో సూదిని తెచ్చి బెజ్జాన్ని ఆ కొస మీదికి దించాలి. అంటే దారాన్ని సూదిలోకి పంపడం కాదు, సూదిని దారానికి తొడగడం. వేళ్ళ మధ్య ఉన్న దారానికి వంగడానికి చోటుండదు, కాబట్టి లోపలికే పోతుంది. కొస అవతల కనపడగానే వేళ్ళు కొంచెం సడలించి, సూదిని ఇంకాస్త ముందుకు నెట్టి, అప్పుడు అవతలి నుంచి పట్టుకోవాలి.

ఇంకా మూడు చిట్కాలు నాకు బాగా పనికొచ్చాయి. తడపాలనుకుంటే దారాన్ని కాదు, సూదిబెజ్జాన్ని ఒక నీటిబొట్టుతో తడపాలి. ఆ తడి దారాన్ని తనవైపు లాక్కుంటుంది. ముదురు దారమైతే వెనక తెల్లకాగితం, తెల్ల దారమైతే వెనక నల్లగుడ్డ పెట్టుకోవాలి. రెండు మూడు సార్లకూ ఎక్కకపోతే సూదిని అటు తిప్పి, బెజ్జం రెండోవైపు నుంచి ప్రయత్నించాలి. చాలా సూదులకు బెజ్జం ఒకవైపు నున్నగా, రెండోవైపు కొంచెం గరుకుగా ఉంటుంది. దుకాణంలో రేకు బిళ్ళకు సన్నటి తీగ బిగించిన దారం ఎక్కించే పనిముట్టు 5 రూపాయలకు ఇచ్చారు. రెండు కొన్నాను. 9వ నంబరు సూదిలో దూర్చి గట్టిగా లాగితే తీగ ఊడొచ్చింది, ఒకటి మొదటి రోజే పోయింది. లావు సూదులకు పనికొస్తుంది, సన్నటివాటికి వేళ్ళనే నమ్ముకోవాలి.

జూలై 16 నాటికి ఒక నిమిషంలోపు ఎక్కించగలిగాను. అయినా రాత్రిపూట కష్టమే. దానికి పిన్నిగారి దగ్గర మంచి ఉపాయం ఉంది. పొద్దున్నే వెలుతురులో పది సూదులనూ వరసగా ఒకే రీలు దారానికి ఎక్కించి ఉంచుతారు. కావలసినప్పుడు చివరి సూదిని పట్టుకుని, మిగతా తొమ్మిదింటినీ వెనక్కి జరిపి, మూరెడు దారం లాగి కత్తిరిస్తే చాలు. రాత్రి కళ్ళు కష్టపెట్టుకునే పని లేదు.

మూరెడు అన్నాను, అది కొలతే. వేలి కొస నుంచి మోచేతి దాకా, సుమారు 18 అంగుళాలు. మళ్ళీ మళ్ళీ ఎక్కించే శ్రమ తప్పుతుందని బారెడు దారం తీసుకోవాలనిపిస్తుంది. నేనూ తీసుకున్నాను. పొడుగాటి దారం ప్రతి కుట్టుకూ గుడ్డలోంచి, బెజ్జంలోంచి రాసుకుంటూ వెళ్ళి నూగు లేస్తుంది, పురి ఎక్కుతుంది, తనకు తానే ముడిపడుతుంది. బారెడు దారంతో మూడుసార్లు చిక్కులు విప్పుకునే సమయంలో మూరెడు దారం రెండుసార్లు ఎక్కించవచ్చు. రీలు నుంచి ముందు వచ్చిన కొసనే సూదిలోకి ఎక్కించి, కత్తిరించిన వైపు ముడి వేయాలి. తిరగేస్తే దారం త్వరగా మెలికపడుతోందని నేనే రెండు రకాలుగా కుట్టి చూసుకున్నాను. పురి ఎక్కినప్పుడు గుడ్డను ఎత్తి పట్టుకుని సూదిని వేలాడదీస్తే, తనే గిరగిర తిరిగి పురి విప్పుకుంటుంది. ఎక్కువగా చిక్కుపడే దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి రుద్ది, పాతగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మైనం లోపలికి ఇంకి నున్నబడుతుంది. పట్టుచీరకు మాత్రం మైనం వద్దన్నారు, మరక పడుతుందట.

ముడి వేయడం రెండు రకాలుగా నేర్చుకున్నాను. మొదటిది, దారం కొసను తడిచేసిన చూపుడువేలికి ఒక చుట్టు చుట్టి, బొటనవేలితో నెమ్మదిగా దొర్లించి, ఆ మెలికను గోటితో కిందికి లాగడం. చెయ్యి తిరిగినవాళ్ళకు ఒక సెకను పని, నాకు మాత్రం ముడి ఒకసారి ఆవగింజంత, ఇంకోసారి మిరియపుగింజంత పడేది. రెండోది నాకు నచ్చింది. దారం కొసను సూది మీద ఆనించి వేలితో నొక్కిపట్టి, సూది మొన దగ్గర దారాన్ని రెండు చుట్లు చుట్టి, ఆ చుట్లను వేళ్ళతో పట్టుకుని సూదిని పైకి లాగడం. చుట్లు జారుకుంటూ కొసకు వెళ్ళి చిన్న, గట్టి ముడిగా ఆగుతాయి. మూడు చుట్లు వేస్తే గుండీలకు సరిపోయే పెద్ద ముడి.

కుట్లు నేర్చుకోవడానికి పాత గళ్ళ లుంగీ తీసుకున్నాను. ఇంతకంటే మంచి నోటుపుస్తకం లేదు. గళ్ళ గీతలే రూళ్ళు, కుట్టు వంకర పోతే వెంటనే కనపడుతుంది. జూలై 14 నుంచి 18 దాకా రోజూ అరగంట రన్నింగ్ కుట్టు, అంటే సూదిని పైకీ కిందికీ దూరుస్తూ ముందుకు సాగే మామూలు కుట్టు. మొదటిరోజు అంగుళానికి మూడు కుట్లు, అవీ సమంగా లేవు. అయిదోరోజుకు అంగుళానికి ఆరు వచ్చాయి. ఇక్కడే మొదటిసారి గుడ్డ ముడుచుకోవడం చూశాను. ఒక్కో కుట్టు వేశాక దారం బిగిసేదాకా లాగేదాన్ని, గట్టిగా ఉండాలి కదా అని. పది కుట్లయ్యేసరికి గుడ్డ పావడా బొందు లాగినట్టు కుచ్చులు తేలేది. పిన్నిగారు గుడ్డను టేబులు మీద పరిచి, అరచేత్తో కుట్టు వెంట ఒక్కసారి నిమిరారు, కుచ్చులు పోయాయి. "లాగకమ్మా. దారం గుడ్డ మీద పడుకోవాలి, గుడ్డను పట్టుకోకూడదు." తర్వాత మూడు వారాలూ ఆవిడ ఎన్నిసార్లు అన్నారో ఆ మాట.

జూలై 19న గుండీలు, వెనక కుట్టు. గుండీకి జంట పోగు దారం, ఫాల్‌కు ఒంటి పోగు. గుండీ పైన అగ్గిపుల్ల పెట్టి దాని మీదుగా నాలుగైదుసార్లు కుట్టి, పుల్ల తీసేసి గుండీని పైకి లాగితే కింద కొంచెం సడలు వస్తుంది. ఆ సడలుకు దారాన్ని మూడు చుట్లు చుట్టి ముగిస్తే కాజాలో పెట్టుకోవడానికి చోటుంటుంది. వెనక కుట్టంటే ఒక కుట్టు ముందుకు వేసి, సగం వెనక్కి వచ్చి మళ్ళీ ముందుకు వెళ్ళడం. ఫాల్ మొత్తానికి ఇది అక్కర్లేదు, కానీ మొదట్లో, చివర్లో ముడికి బదులు అదే చోట రెండు వెనక కుట్లు వేస్తే ఎప్పటికీ జారవు. నేను ఈ మాట ఒక్కచోట వినలేదు. దాని ఫలితం కింద రాస్తాను.

జూలై 20, 21 హెమ్మింగ్. లుంగీ అంచును మడిచి కుడి నుంచి ఎడమకు కుట్టాలి. ఎడమచేతివాటం వాళ్ళు ఎడమ నుంచి కుడికి. సూది కింది గుడ్డలో ఒకటి రెండు పోగులు మాత్రమే ఎత్తి, వెంటనే మడత అంచులోకి ఏటవాలుగా ఎక్కాలి. ఒకటి రెండు పోగులంటే నిజంగా లెక్కే. మొదట నేను అయిదారు ఎత్తేసేదాన్ని, తిరగేసి చూస్తే మంచివైపు చీమలబారు కనపడేది. సూదిని గుడ్డకు దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, మొనతో పైపొరను గీకినట్టు చేస్తే ఒక్క పోగే వస్తుంది. నిలబెట్టి గుచ్చితే ఎక్కువ వస్తాయి. రెండోరోజుకు సూదిని వెనకనుంచి నెట్టే నడిమివేలు పుండైంది. దర్జీలు వాడే అంగుస్తానా (వేలి తొడుగు) పెట్టుకుంటే వేలికి స్పర్శ తెలియక ఇబ్బందిపడ్డాను, వేలికి రెండు పొరల అతుకు ప్లాస్టరు చుట్టుకుంటే హాయిగా ఉంది.

జూలై 22 రాత్రి ఫాల్ తడిపాను. ఇది మానేస్తే ఎంత బాగా కుట్టినా వృథా. బకెట్టులో ముంచగానే నీళ్ళు ఆకుపచ్చగా మారాయి, గుండె ఝల్లుమంది. అదే చీరకు కుట్టాక జరిగుంటే జరీ అంచంతా మరకలయ్యేది. నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చాను, నాలుగుసార్లు పట్టింది. చీరను కూడా విడిగా ఇంకో బకెట్టులో తడిపి, పిండకుండా నీళ్ళోడ్చి ఆరేశాను. వానాకాలం కాబట్టి నీడలో ఆరడానికి రోజున్నర పట్టింది. కొన్నప్పుడు 2 మీటర్ల 70 సెంటీమీటర్లున్న ఫాల్, ఆరాక కొలిస్తే 2 మీటర్ల 60. ఆ 10 సెంటీమీటర్లూ కుట్టాక తగ్గి ఉంటే చీర అడుగంతా ముడతలే. జూలై 24న కాస్త చెమ్మగా ఉండగానే ఇస్త్రీ చేశాను. ఇస్త్రీపెట్టెను ముందుకు తోయకుండా ఎత్తి ఎత్తి పెట్టాలి, తోస్తే ఫాల్ ఒకవైపుకు సాగుతుంది.

జూలై 26, శనివారం చీర మీద పెట్టే రోజు. ముందు లోపలి కొసకున్న జాకెట్టు గుడ్డ కత్తిరించాను. ఇది ముందే చెయ్యాలి, లేకపోతే ఫాల్ మొదలయ్యే చోటు తప్పుతుంది. నాకు ఏమాత్రం తట్టని సంగతి ఇంకొకటుంది. ఈ చీరకు రెండు జరీ అంచులూ ఒకేలా ఉన్నాయి. ఏది కిందికి వస్తుందో బల్ల మీద చూసి చెప్పలేం. పిన్నిగారు చీరను ఒకసారి ఒంటికి చుట్టుకోమన్నారు. పైట మంచివైపు బయటికి కనపడేలా కట్టుకుని, పాదాల దగ్గరున్న అంచుకు, లోపలివైపున పిన్నీసు పెట్టుకున్నాను. ఇది చెయ్యకుండా పై అంచుకు ఫాల్ కుట్టి, మొత్తం ఊడదీసినవాళ్ళను ఆవిడ చాలామందిని చూశారట.

నేల తుడిచి, దుప్పటి పరిచి, చీరను లోపలివైపు పైకి వచ్చేలా వేశాను. ఒడిలో పెట్టుకుని కుట్టకూడదు, మోకాళ్ళ మీద గుడ్డ వంపు తిరిగి ఫాల్, చీర రెండూ సమంగా ఉండవు. లోపల దోపుకునే కొస నుంచి జానెడు వదిలి ఫాల్ మొదలుపెట్టాలి. ఆ జానెడు నడుము దగ్గర దోపులోకి పోతుంది. ఫాల్ కొసను అర అంగుళం లోపలికి మడిచి, కింది అంచును చీర అంచుకంటే గోరు మందమంత పైకి జరిపి పెట్టాను. సమానంగా పెడితే నడిచేటప్పుడు ఫాల్ కింద నుంచి తొంగిచూస్తుంది.

గుండుసూదులు పెట్టబోతే పిన్నిగారు పాతవన్నీ తీసి పారేయించారు. తుప్పు మరక నూలు మీద పడితే పోదు. కొత్తవి జానెడుకొకటి చొప్పున గుచ్చి, తర్వాత తెల్లదారంతో రెండంగుళాల కుట్లతో కచ్చా కుట్టు వేశాను. ముందు కింది అంచు పొడుగునా. తర్వాత అరచేత్తో ఫాల్‌ను కింది నుంచి పైకి నిమురుతూ, లాగకుండా, పై అంచుకు. మొత్తం గంటా ఇరవై నిమిషాలు. చాలామంది దీన్ని మానేసి గుండుసూదులతోనే కుట్టేస్తారు. మొదటి చీరకు మానవద్దని నా మాట. ఈ గంటంపావు పెట్టబట్టే మిగతా అయిదు గంటలూ ఫాల్ అంగుళం కూడా జరగలేదు.

జూలై 27 నుంచి 29 దాకా కింది అంచు. బంగారు రంగు దారం, 9వ నంబరు సూది, కుట్టుకూ కుట్టుకూ అర సెంటీమీటరు. ఇక్కడ కుట్లు దగ్గరగా ఉండాలి, ఎందుకంటే పట్టీలు, మెట్టెలు తగిలేది ఇక్కడే. దూరం కుట్లైతే ఆ దారపు వంతెనలో మెట్టె దూరి చర్రున తెంపుతుంది. జరీ పోగును సూది చీల్చితే లోపలి దారం బయటపడుతుంది, కాబట్టి మొనతో రెండు జరీ పోగుల మధ్య సందు వెతుక్కుని దిగాలి. సుమారు 520 కుట్లు, పన్నెండుసార్లు దారం ఎక్కింపు, రెండుంపావు గంటలు. అంచు మందంగా ఉంటుంది కాబట్టి ముందు కింద మొదలుపెట్టడం మంచిదని నాకనిపించింది, కొత్తవాళ్ళ తప్పులు దానిలో కలిసిపోతాయి.

కానీ ఆ మందమే నన్ను మోసం చేసింది. బిగుతుగా కుడుతున్నా ముడత కనపడలేదు, చెయ్యి తిరిగిందనుకున్నాను. జూలై 30న పై అంచుకు వచ్చాను. ఇక్కడ గుడ్డ పల్చన, చిలకపచ్చ దారం, కుట్లు సెంటీమీటరుకొకటి. నలభై సెంటీమీటర్లు కుట్టి, లేచి చీర ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాను. ఫాల్ పొడుగునా చీర నలిగి, ప్రతి కుట్టు దగ్గరా చిన్న గుంట. అంతా చేత్తో పాడుచేశానని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వ్రతానికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది.

ఊడదీయడానికీ పద్ధతుంది. దారం కొస పట్టుకుని లాగితే పల్చటి గుడ్డ పోగులు కదిలిపోతాయి. ప్రతి మూడో కుట్టునూ కత్తెర మొనతో తెంపి, ఫాల్ వైపు నుంచి ముక్కలు ముక్కలుగా తీయాలి. ఆ చోట తడిగుడ్డతో అద్ది, గోటితో అటూ ఇటూ మెల్లగా గీకితే రంధ్రాలు మూసుకున్నాయి. నూలుకు ఆ సౌకర్యం ఉంది. దీనికంతటికీ నలభై అయిదు నిమిషాలు.

అప్పుడు పిన్నిగారు పక్కన కూర్చుని ఒక పరీక్ష నేర్పారు. కుట్టు వేశాక ఖాళీ సూదిమొనను ఆ కుట్టు కింద దూర్చి చూడాలి. కింద గుడ్డ కదలకుండా మొన దూరితే కుట్టు సరైన సడలులో ఉన్నట్టు. గుడ్డ కూడా లేస్తే బిగుసుకున్నట్టు. మొదట ప్రతి కుట్టుకూ, తర్వాత బెత్తెడుకొకసారి పరీక్షించాను. బెత్తెడు కుట్టాక సూది వదిలేసి, ఫాల్‌ను ఎడమచేత్తో పట్టుకుని కుడి అరచేత్తో కుట్టు వెంట నిమిరేదాన్ని. అలా నిమిరినప్పుడు దారం ఒక్కొక్కసారి గోరంత లోపలికి జారేది, అంటే నేను అంత ఎక్కువ లాగానన్నమాట. రెండోరోజు సాయంత్రానికి జారడం ఆగింది. అదే పరీక్ష కింది అంచుకు పెడితే రెండు చోట్ల, కలిపి జానెడు మేర, బిగుసుకుని ఉంది. అక్కడా విప్పి కుట్టాను.

పై అంచు ఆగస్టు 3న అయింది. 260 కుట్లు, తొమ్మిదిసార్లు దారం, రెండు గంటలు. ఆగస్టు 4న రెండు కొసలు. ఫాల్ ముందు ఊడేది కొసల దగ్గరే, అందుకని అక్కడ రెండు మూడు మిల్లీమీటర్లకొక కుట్టు. చీర లోపలి కొసను జిగ్‌జాగ్‌కు బదులు పావంగుళం చొప్పున రెండు మడతలు మడిచి హెమ్మింగ్ చేశాను. పైట కొసకు పోగులు ముడివేసి వదిలేశాను. ఆగస్టు 5న కచ్చా కుట్టు తీసేసి, లోపలివైపు నుంచి ఇస్త్రీ చేశాను. తెల్లదారం వేసింది అందుకే, తీసేటప్పుడు ఏది తీయాలో వెతుక్కోవక్కర్లేదు. ప్యాకెట్టులో సూదులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టాను, ఒకటి తక్కువైంది. ఫ్రిజ్ మీది అయస్కాంతంతో దుప్పటంతా వెతికితే మడతలో దొరికింది. నేల మీద కుట్టేవాళ్ళు రోజూ లేచేముందు ఈ లెక్క చూసుకోండి, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే.

ఖర్చు: ఫాల్ 35, మూడు రీళ్ళు 30, సూదులు 15, దారం ఎక్కించే తీగలు 10, చిన్న కత్తెర 70. మొత్తం 160. కుట్టించుకుంటే 120 అయ్యేది, ఫాల్ ఖరీదు కలిపే. అంటే మొదటి చీరకు 40 రూపాయలు ఎక్కువే. కానీ కత్తెర, సూదులు, రీళ్ళలో దాదాపు అంతా మిగిలే ఉన్నాయి. ఇలాంటి రెండో నూలుచీరకు ఫాల్ ఒక్కటే కొనాలి.

ఆగస్టు 8న కట్టుకున్నాను. కుచ్చిళ్ళు నిటారుగా, బరువుగా దిగాయి. మెషిన్ మీద కుట్టిన ఫాల్ చీరలో ఉండే బిరుసు ఇందులో లేదు, చీరతో పాటే ఫాల్ కదిలింది. పేరంటానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ అంచు తిప్పి చూసి ఎక్కడ కుట్టించారని అడిగారు. చాలా సంతోషమేసింది.

ఆగస్టు 10న చన్నీళ్ళలో ఉతికాను. ఎక్కడా ముడుచుకోలేదు, రంగు దిగలేదు. మొదలుపెట్టిన కొస దగ్గర మాత్రం రెండంగుళాలు ఊడింది. చూస్తే అక్కడ వెనక కుట్లు వేయకుండా ముడినే నమ్ముకున్నాను. గుడ్డ పల్చన కాబట్టి ముడి నేతలోంచి జారిపోయింది. చిలకపచ్చ దారం ఒక్క ప్రయత్నంలో ఎక్కింది, రెండు వెనక కుట్లతో మొదలుపెట్టి నాలుగు నిమిషాల్లో బాగుచేశాను.

పట్టుచీర ఒకటి ఫాల్ లేకుండా బీరువాలో ఉంది. దానికోసం 10వ నంబరు సూదులు, పట్టుదారం తెచ్చాను. పట్టు మీద సూది రంధ్రం పడితే మూసుకోదు, విప్పి కుట్టడానికి వీలుండదు, గుండుసూదులు కూడా ఫాల్ వెడల్పు దాటి గుచ్చకూడదు. పిన్నిగారు ఇంకా ఒప్పుకోలేదు. పాత పట్టు పరికిణీ ముక్క ఇచ్చి, రెండు వారాలు దాని మీద కుట్టి చూపించమన్నారు. ఇవాళ నాలుగో రోజు.